గద, గడియారం, కోడిపుంజు: ఒక ఊరిని చదువుకోవడం ఎలా?

విజయనగరం నుంచి భిలాయికి బదిలీ అయి వచ్చిన రెండో నెలలో మా అమ్మ తప్పిపోయింది. తప్పిపోయింది అంటే గంటన్నర సేపే. కానీ ఆ గంటన్నరలో మా ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు.

అది శనివారం. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి వారి బాలాజీ గుడి ఉంది. మేము అద్దెకు దిగిన స్మృతి నగర్ నుంచి నలుగురు తెలుగు ఆడవాళ్లు ఆటోలో ఆ గుడికి వెళుతుంటే అమ్మ కూడా బయలుదేరింది. దర్శనం అయ్యాక, ప్రసాదం కోసం వాళ్లు వరుసలో నిలబడి ఉండగా, బయట గాలి పోసుకుందామని అమ్మ నాలుగు అడుగులు వేసింది. వీధి మలుపు తిరిగింది. తిరిగి చూస్తే అటూ ఇటూ ఒకేలాంటి క్వార్టర్లు, ఒకేలాంటి చెట్లు, ఒకేలాంటి గేట్లు. ఏ మలుపులోంచి వచ్చిందో తెలియలేదు. సెల్‌ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మకు హిందీ రాదు. కంగారులో మా కాలనీ పేరు కూడా నోటికి రాలేదు.

ఒక ఆటో ఆగింది. ఎక్కడికని అతను అడిగాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ జోడించి భుజం మీదికి ఎత్తి, భీముడిలా ఒక తిప్పు తిప్పింది. "గద నాయనా, గద" అంది. అతను పకపకా నవ్వి "గదా చౌక్!" అన్నాడు. సుపేలా గదా చౌక్ వరకు వచ్చాక అక్కడి నుంచి అమ్మే చేత్తో దారి చూపిస్తూ ఆటోను మా ఇంటి గుమ్మం ముందు ఆపించింది. మేము పోలీస్ స్టేషన్‌కు బయలుదేరుతున్నాం. అమ్మ ఆటో దిగి "చిల్లర ఉంటే ఇవ్వు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రాసి పెట్టుకున్న ఇంటి నంబరు, వీధి పేరు, పిన్‌కోడ్ ఏవీ అమ్మను ఇల్లు చేర్చలేదు. చేర్చింది ఒక గద. మన బ్యాంకు కుటుంబాలు మూడేళ్లకో, నాలుగేళ్లకో ఊరు మారుతుంటాయి. కొత్త ఊరిని మనం ఎలా నేర్చుకుంటాం? ఊళ్లో నిలబెట్టిన బొమ్మలు, కూడళ్లలోని వింత గుర్తులు అందుకు ఎలా సాయపడతాయి? ఆ ప్రశ్నతో మొదలై, తర్వాతి కొన్ని ఆదివారాలు మా అమ్మాయితో కలిసి నేను చదువుకున్న పాఠం ఇది.

ఒకేలా కనిపించే ఊరు

ముందు భిలాయి గురించి నాలుగు మాటలు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన రైళ్లు నడిచే పట్టాల్లో చాలా భాగం ఇక్కడ తయారైనవే.

కర్మాగారంతో పాటే టౌన్‌షిప్ కూడా కాగితం మీద గీసుకుని కట్టినది. సెక్టార్లకు అంకెలు, వీధులకు అంకెలు, క్వార్టర్లకు అంకెలు. పనివాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు కూడా వారిలో చాలామంది. బెంగాలీ, మలయాళీ, పంజాబీ, ఒడియా, తెలుగు కుటుంబాలు పక్కపక్క గుమ్మాల్లో కాపురం పెట్టాయి. అందరికీ ఒకే రకం ఇల్లు, ఒకే రకం వీధి. సమానత్వానికి అది మంచిదే. కానీ కళ్లకు గుర్తు పెట్టుకోవడానికి ఏమీ దొరకని ఏర్పాటు అది. మా అమ్మ దారి తప్పింది అందుకే.

మన పాత ఊళ్లలో ఈ ఇబ్బంది ఉండదు. విజయనగరంలో గంటస్తంభం, పెద్ద చెరువు, కోట, మూడు లాంతర్లు అంటే చాలు. ఎవరూ కావాలని గుర్తులుగా కట్టినవి కావు, వందల ఏళ్లలో ఊరే వాటిని గుర్తులు చేసుకుంది. అంకెల మీద కట్టిన కొత్త ఊరికి అంత వ్యవధి ఎక్కడిది? అందుకే అలాంటి ఊరు తన గుర్తులను తానే తయారు చేసుకోవాలి. భిలాయి చేసిన పని అదే. ఇక్కడ దారి అడిగితే జనం సెక్టార్ నంబరు తర్వాత చెబుతారు. ముందు చెప్పేది మురగా చౌక్, గదా చౌక్, ఘడీ చౌక్, గ్లోబ్ చౌక్. అంటే కోడిపుంజు కూడలి, గద కూడలి, గడియారం కూడలి, భూగోళం కూడలి.

కెవిన్ లించ్ చెప్పిన ఐదు సంగతులు

ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. అమెరికాలో కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికా నిపుణుడు బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజిల్స్ నగరాల్లో జనాన్ని కూర్చోబెట్టి, తమ ఊరి పటాన్ని జ్ఞాపకం మీద గీయమన్నాడు. ఆ పటాలను పరిశీలించి 1960లో ఒక పుస్తకం ప్రచురించాడు. నగర నిర్మాణం చదివే విద్యార్థులు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు.

మనిషి మనసులో ఊరి పటం ఐదు వస్తువులతో తయారవుతుందని ఆయన తేల్చాడు. ఒకటి, మనం నడిచే దారులు. రెండు, హద్దులు: నది, రైలు పట్టాలు, గోడ వంటివి. మూడు, పేటలు. నాలుగు, కూడళ్లు. ఐదు, ఆనవాళ్లు.

ఈ ఐదింటినీ మా అమ్మ ప్రయాణానికి అన్వయించి చూశాను. గుడి ఉన్న టౌన్‌షిప్ ఒక పేట. రైలు పట్టాలు హద్దు. అవి దాటితే సుపేలా. ఆటో వచ్చిన రోడ్డు దారి. గదా చౌక్ ఒక కూడలి. గద ఆనవాలు. అమ్మ మనసులో మిగతా నాలుగూ చెదిరిపోయినా, ఐదోది నిలిచింది. ఎందుకు నిలిచిందో కూడా లించ్ చెప్పాడు. ఆనవాలుకు అందం కన్నా ముఖ్యం ప్రత్యేకత. చుట్టూ ఉన్నవాటితో కలిసిపోకుండా విడిగా కనిపించాలి. నాలుగు రోడ్ల మధ్య ఇంకో కరెంటు స్తంభం ఉంటే ఎవరూ చూడరు. కోడిపుంజు ఉంటే చూస్తారు.

జెర్సీ సిటీ జనం తమ ఊళ్లో ప్రత్యేకంగా చూపించదగ్గవేమిటో చెప్పడానికి తడుముకున్నారట. ఊరికి ఆనవాళ్లు లేకపోతే దారి తెలియకపోవడమే కాదు, ఇది మా ఊరు అన్న మాట కూడా నోట్లోంచి సులువుగా రాదు. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే, అప్పటికి రెండు నెలలుగా మా ఐదో తరగతి అమ్మాయి "మీ భిలాయి" అంటోంది తప్ప ఒక్కసారి కూడా "మన భిలాయి" అనలేదు. బడి నుంచి వచ్చి తలుపు వేసుకుని కూర్చునేది. నాయనమ్మ గద కథ విన్న మర్నాడు మాత్రం తానే వచ్చి "ఆ గద ఎక్కడుంది, చూపిస్తావా?" అని అడిగింది.

నోటుపుస్తకంలో నాలుగు గడులు

అలా మా ఆదివారాలు మొదలయ్యాయి. స్కూటరు మీద ఒక్కో వారం రెండు మూడు కూడళ్లు. అమ్మాయి చేతిలో నోటుపుస్తకం. చూసినవాటిని నాలుగు గడులుగా విడగొట్టుకున్నాం. మీ ఊరికి కూడా ఈ నాలుగు గడులూ సరిపోతాయని నా నమ్మకం.

మొదటి గడి: వస్తువు పేరు మీద నిలిచినవి. కోడిపుంజు, గద, గడియారం, భూగోళం ఇందులోకి వస్తాయి. వీటి గొప్పతనం ఏమిటంటే, చదువు రానివారికి, భాష తెలియనివారికి కూడా అర్థమవుతాయి. ఇది చిన్న విషయం కాదు. పది భాషల జనం కలిసి బతికే ఊళ్లో కూడలికి ఒక మహానుభావుడి పేరు పెడితే, ఆ పేరు కొందరికి నోరు తిరగదు, కొందరికి ఆయన ఎవరో తెలియదు. కోడిపుంజు అందరికీ తెలుసు. గద అన్న మాటైతే తెలుగులోనూ హిందీలోనూ ఒకటే. అమ్మను కాపాడింది ఆ ఒక్క మాటే. మురగా చౌక్‌కు ఇంకో జీవితం కూడా ఉంది. కార్మిక సంఘాలు సభలు, ధర్నాలు పెట్టుకునే చోటు అది. పొద్దున్నే కూసి లేపే పక్షి పేరున్న చోట మనుషులు గొంతెత్తుతున్నారన్న మాట.

రెండో గడి: ఊరి బతుకుతెరువును చెప్పేవి. బోరియా గేట్ దగ్గర ప్రధానమంత్రి ట్రోఫీ చౌక్ ఉంది. దేశంలో అత్యుత్తమ సమగ్ర ఉక్కు కర్మాగారానికి ఇచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయి 11 సార్లు గెలుచుకుంది. మామూలుగా ట్రోఫీలు ఆఫీసు అద్దాల బీరువాలో ఉంటాయి, పెద్ద అధికారుల గదికి వెళ్లినవారికే కనిపిస్తాయి. ఇక్కడ దాన్ని రోడ్డు మీదికి తెచ్చారు. షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి పోయే మనిషి రోజూ దాని పక్కనుంచే వెళతాడు. గెలిచింది ఎవరో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

మూడో గడి: ఆ నేల కథలు చెప్పేవి. కర్మాగారం రాకముందు ఇక్కడ ఏమీ లేదని మాలాంటి కొత్తవాళ్లు అనుకుంటారు. అది తప్పు. రువాబాంధాలో పంథీ చౌక్ ఉంది. పంథీ అంటే గురు ఘాసీదాస్‌ను కొలిచే సత్నామీల నృత్యం. మాందర్ మోతకు అనుగుణంగా మొదట నెమ్మదిగా సాగి, చివరికి కళ్లు తిరిగేంత వేగం అందుకుంటుంది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారు. ఆ నృత్యాన్ని కూడలిలో నిలపడమంటే, అంకెల సెక్టార్ల నడుమ ఈ మట్టి పేరును రాసిపెట్టడమే.

సివిక్ సెంటర్‌లో ఉన్న కృష్ణార్జునుల రథం కూడా ఈ గడిలోదే. ఉక్కు పట్టణంలో మహాభారతం ఎందుకని మా అమ్మాయి అడిగింది. జవాబు దొరకడానికి దూరం పోనక్కర్లేదు. పాండవానీ కళకు ప్రపంచమంతా పేరు తెచ్చిన తీజన్ బాయి భిలాయి పక్కనే ఉన్న గనియారీ గ్రామంలో పుట్టారు. భిలాయి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పాండవానీ అంటే భారత కథను ఒక్కరే పాడుతూ, ఆడుతూ, అన్ని పాత్రలూ తామే అయి చెప్పడం. మన బుర్రకథలో లాగే చేతిలో తంబుర ఉంటుంది. తీజన్ బాయి చేతిలో ఆ తంబుర ఒక క్షణం అర్జునుడి విల్లు, మరుక్షణం భీముడి గద. వీడియో చూస్తూ మా అమ్మాయి "నాయనమ్మ ఆటో దగ్గర చేసింది ఇదే కదా!" అంది. నిజమే. ఈ ఊళ్లో ఆ అభినయానికి అర్థం తెలియని ఆటోవాడు ఉండడు.

నాలుగో గడి: స్నేహానికి, జ్ఞాపకానికి కట్టినవి. భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్ ఇందులోకి వస్తుంది. అది బొమ్మ కాదు, జంతుప్రదర్శనశాల ఉన్న పెద్ద తోట. తెల్ల పులులు అక్కడి ప్రత్యేకత. ఒప్పందం కుదుర్చుకున్న దేశాల్లో ఒకటి ఇప్పుడు పటంలో లేదు. తోట ఉంది. ఆదివారం పిల్లలను ఎత్తుకుని వెళ్లేవారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో గానీ, మైత్రి అన్న మాట మాత్రం అందరి నోళ్లలోనూ ఉంది.

తుక్కు నుంచి రథం

ఈ బొమ్మలు చేసినవారు ఎవరు? భిలాయికి మంచి శిల్పుల సంపద ఉంది. ఇక్కడి జాన్ మార్టిన్ నెల్సన్‌కు 2008లో పద్మశ్రీ వచ్చింది. అంకుశ్ దేవాంగన్ ఇంకో దారిలో పేరు తెచ్చుకున్నారు. భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చే దల్లీ-రాజహరా గనుల పట్టణంలో ఆయన ఇనుప తుక్కుతో కృష్ణార్జునుల రథాన్ని నిలబెట్టారు. ఎత్తు ఆరంతస్తుల మేడంత. మట్టిలోంచి తవ్వి, కరిగించి, యంత్రంగా వాడి, అరిగాక పారేసిన ఇనుము మళ్లీ తాను పుట్టిన చోటికే రథమై తిరిగి వచ్చింది.

తుక్కుతో కళ మన తెలుగునాట కూడా ఉంది. తెనాలి శిల్పులు బోల్టులు, నట్లు, బేరింగులు, గొలుసులు అతికి నాయకుల విగ్రహాలు చేసి దేశమంతా పంపుతున్నారు. వీటన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది చండీగఢ్ రాక్ గార్డెన్. నేక్‌చంద్ ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. 1957 ప్రాంతంలో, ఉద్యోగం అయ్యాక, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, కూల్చిన ఇళ్ల తాలూకు చెత్త సైకిల్ మీద మోసుకెళ్లి అడవిలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. దాదాపు 18 ఏళ్ల తర్వాత అధికారుల కంట పడింది. అది ప్రభుత్వ స్థలం, అనుమతి లేదు. కూల్చేయవచ్చు. కానీ కూల్చలేదు. 1976లో ప్రజల కోసం తెరిచారు. చండీగఢ్ కూడా సెక్టార్ల అంకెల మీద కట్టిన నగరమే. ఆ గీతల మధ్య ఒక వంకర తోటను జనం ఎంతగా కోరుకున్నారో చూడండి.

నేక్‌చంద్ మనలాంటి ఉద్యోగి. ఈ ఒక్క విషయం మన పిల్లలకు చెప్పినా చాలు.

తిట్టినవారే చొక్కా తొడిగారు

వింత బొమ్మలను జనం మొదటిరోజే ఇష్టపడతారని అనుకోకండి. 1967లో షికాగో నగరం నడిబొడ్డున పికాసో రూపొందించిన 50 అడుగుల ఉక్కు శిల్పాన్ని ఆవిష్కరించారు. దాని ఉక్కు పని జరిగింది భిలాయి లాంటి ఇంకో ఉక్కు పట్టణం, గ్యారీలో. బరువు 162 టన్నులు. అది పక్షో, కుక్కో, ఆడమనిషి ముఖమో ఎవరికీ తెలియలేదు. పికాసో చెప్పలేదు. డబ్బు కూడా తీసుకోలేదు, ఊరికి కానుకగా ఇచ్చేశాడు. తిట్టినవారు తిట్టారు, నవ్వినవారు నవ్వారు. కొన్నాళ్లకు పిల్లలు దాని వాలు మీద జారుడుబండ ఆడటం మొదలుపెట్టారు. ఇప్పుడది షికాగోకు చిరునామా.

ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్ ఒకప్పుడు బొగ్గు గనుల ప్రాంతం. గనులు మూతపడ్డాయి. ఆ పాత గని ఉన్న దిబ్బ మీద 1998లో ఆంటొనీ గోమ్లీ అనే శిల్పి రెక్కలు చాచిన ఉక్కు దేవదూతను నిలబెట్టాడు. ఎత్తు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 54 మీటర్లు, బరువు 200 టన్నులు. కట్టకముందు చాలా వ్యతిరేకత వచ్చింది. నిలబెట్టిన కొద్ది నెలలకే ఫుట్‌బాల్ అభిమానులు తమ జట్టు చొక్కాను అంత పెద్దదిగా కుట్టించి, తాళ్లతో లాగి ఆ దేవదూతకు తొడిగారు. అది అల్లరే. కానీ పరాయివాడికి ఎవరూ చొక్కా తొడగరు.

ఈ రెండు శిల్పాలకూ వాడింది పైన తుప్పు పట్టే ప్రత్యేకమైన ఉక్కు. రాగి వంటి లోహాలు కొద్దిగా కలపడం వల్ల మొదట పట్టిన తుప్పే పొరలా గట్టిపడి, లోపలి ఉక్కును కాపాడుతుంది. రంగు వేయాల్సిన పని లేదు. మా పక్కింటి రిటైర్డ్ స్టీల్ ప్లాంట్ ఉద్యోగికి ఇది చెబితే, "మా ఒంటి మీద ఎండ కూడా అంతే సార్" అన్నారు.

పోగొట్టుకున్నాక తెలిసేది

ఇన్ని చెప్పి మా సొంతూరి సంగతి చెప్పకపోతే పాఠం పూర్తి కాదు. 2020లో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. అప్పుడు మేము అక్కడే ఉన్నాం. అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "పెళ్లయి వచ్చిన కొత్తలో మీ నాన్న నాకు దారి చెప్పింది ఆ లాంతర్లతోనే రా" అంది. అప్పుడు నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. ఒక స్తంభం పోతే ఇంకొకటి వస్తుందనుకున్నాను. సెక్టార్ 5లో అమ్మ దారి తప్పిన రాత్రి ఆ మాట గుర్తొచ్చింది. ఆనవాలు తీసేస్తే పోయేది రాయీ సిమెంటూ కాదు. దాని మీద ఆధారపడి ఎన్ని కాళ్లు ఇల్లు చేరాయో, అన్ని దారులూ పోతాయి.

ఇంకో నష్టం కూడా ఉంది, అది చప్పుడు చేయదు. ఈమధ్య ప్రతి ఊళ్లోనూ "ఐ లవ్" అని రాసి పక్కన ఊరి పేరు తగిలించిన పెద్ద రంగు అక్షరాలు వెలుస్తున్నాయి. ఫొటోకు బాగుంటాయి. కానీ ఊరి పేరు మార్చి ఇంకో ఊళ్లో పెట్టినా తేడా తెలియదు. వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని తీసి ఇంకెక్కడైనా పెట్టగలరా? 2001లో నౌకాదళం నుంచి విరమించిన ఆ జలాంతర్గామి ఒడ్డుకు చేరి మ్యూజియం కావడం ఆ సముద్రపు ఊరికే చెల్లింది. ఏ బొమ్మనైనా పరీక్షించడానికి మా అమ్మాయి ఒక ప్రశ్న తయారు చేసుకుంది: "దీన్ని వేరే ఊళ్లో పెడితే నప్పుతుందా?" నప్పదు అని జవాబు వస్తే నోటుపుస్తకంలో ఆ బొమ్మకు చుక్క పెడుతుంది.

మీరూ చేసి చూడండి

ఈ సెలవుల్లో మన బ్యాంకు కుటుంబాల పిల్లలకు ఈ చిన్న పని అప్పగించండి. ఖర్చు లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

ముందుగా, ఫోన్ చూడకుండా ఇంటి నుంచి బడికో, బ్యాంకుకో వెళ్లే దారిని కాగితం మీద గీయమనండి. దారులు, హద్దులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు ఐదూ అందులో ఉన్నాయేమో చూడండి. ఏది ఖాళీగా ఉందో గమనించండి.

తర్వాత, వీధి చివర కిరాణా కొట్టాయన్నీ, ఆటో నడిపే అతన్నీ, పూలమ్మే ఆమెనూ అదే దారి అడగండి. మున్సిపాలిటీ బోర్డు మీద లేని పేర్లు వారి నోట వస్తాయి. అవి రాసుకోండి. ఊరి అసలు పటం అదే.

మూడోది, ప్రతి ఆనవాలుకూ మూడు ప్రశ్నలు: ఎవరు చేశారు? ఎందుకు ఇక్కడే? ఇది లేకపోతే ఎవరు దారి తప్పుతారు? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే దాని విలువ మీకే తెలుస్తుంది.

చివరిగా, ఇంట్లో పెద్దవారుంటే వారికోసం ఒక బొమ్మల చీటీ చేయండి. మాటలు మరిచిపోయినా బొమ్మలు గుర్తుంటాయి. వెనకవైపు ఫోన్ నంబరు రాయడం మరవకండి.

మా అమ్మాయి నాయనమ్మకు అలాంటి చీటీయే చేసి ఇచ్చింది. విజిటింగ్ కార్డు అంత ఉంటుంది. ఎడమవైపు గుడి గోపురం, పక్కన రైలు పట్టాలు, తర్వాత గడియారం, దాని తర్వాత గద, చివర మా ఇంటి ఆకుపచ్చ గేటు. అమ్మ దాన్ని పర్సులో వెంకటేశ్వరస్వామి ఫొటో వెనక దాచుకుంది. "నాకెందుకమ్మా, గద గుర్తుంది కదా" అంటూనే దాచుకుంది.

నాకు మళ్లీ బదిలీ వచ్చే ఏడాది. ఏ ఊరో తెలియదు. మొన్న భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది. రెండేళ్ల కిందట బదిలీ మాట వింటేనే కంచం వదిలేసి లేచిపోయిన పిల్ల, ఈసారి చారు కలుపుకుంటూ "ఆ ఊరి చౌక్‌లో ఏముందో ముందు కనుక్కో నాన్నా" అంది. కాసేపాగి, "మన గదలాంటిది ఉంటే బాగుణ్ణు" అంది.